‘తుప్పు’ ఆల్బమ్‌ని విన్నవాళ్ళు

మా ఆల్బమ్ మీద మొట్టమొదట సమీక్ష రాసినాయన ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఎక్కడో ఉంటాడు. అన్నిటికంటే దగ్గర్నుంచి వచ్చిన సమీక్ష మా నాన్నది. మొదటాయనకి మా భాష రాదు. నాన్నకి మా పాట వినబడలేదు. అయినా ఇద్దరూ చాలా నమ్మకంగా మాట్లాడారు. విమర్శకుడికి కావలసింది నమ్మకం ఒక్కటేనని అప్పుడే తెలిసింది నాకు.

నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఆదివారం పొద్దున చర్చిలో గిటారు వాయిస్తాను. మిగతా రోజుల్లో ఖాళీ దొరికితే డూమ్ మెటల్ వాయిస్తాను. అదేమిటని అడిగినవాళ్ళకి మొదట్లో శ్రద్ధగా వివరించేదాన్ని. గిటారు తీగల్ని బాగా వదులు చేసి, స్వరాన్ని పాతాళానికి దించి, ఎడ్లబండి కూడా దాటేసి వెళ్ళిపోయేంత నిదానంగా, బాక్సులు అదిరేంత గట్టిగా, బతుకు బరువు గురించి పాడడం అని. వినేవాళ్ళ మొహంలో ఒక రకమైన జాలి కనిపించేది. ఇప్పుడు “రాక్ మ్యూజిక్కండీ” అనేసి ఊరుకుంటున్నాను. “ఓహో” అని టీ తాగేస్తారు. ఇద్దరికీ సుఖం.

దీన్ని నాకు ఎవరూ నేర్పలేదు. నాన్న టెలిఫోన్స్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంతో పాటు మా చర్చి క్వయర్‌కి ముప్ఫయ్యేళ్ళకి పైగా మాస్టరు. నా పన్నెండో ఏట ఒక పాత గిటారు తెచ్చి ఒళ్ళో పెట్టాడు. ఒక క్రిస్మస్ ప్రాక్టీసులో దాని లావు తీగ బిరడా అరిగిపోయి, ఎంత తిప్పినా తీగ బిగుసుకోలేదు. అలాగే వాయించాను. గుమ్మటంలో తుమ్మెద తిరిగినట్టు ఒక శబ్దం వచ్చింది. ఇంకాస్త వదులు చేశాను. పాట వేగం కూడా తగ్గించాను, ఆ శబ్దం అయిపోకూడదని.

నాన్న చెయ్యి ఎత్తి క్వయర్ మొత్తాన్ని ఆపేశాడు.

“ఇది పుట్టినరోజు పాటే గుంటా. పాడె మోస్తన్నట్టు వాయిస్తావేటి?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అలాగే మళ్ళీ వాయించుకున్నాను.

అక్కకి పెళ్ళయ్యాక నాకు డ్రమ్మరు దొరికాడు. మా బావ గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ కార్ఖానాలో ఫర్నేసు దగ్గర పని చేస్తాడు, అక్కడి చర్చిలో డ్రమ్ములు కొడతాడు. రాత్రి డ్యూటీ దిగి సరాసరి ఆరాధనకి వచ్చేసేవాడు. అతని దెబ్బకీ దెబ్బకీ మధ్యలో ఓ చిన్న ప్రార్థన ముగించుకోవచ్చు. సంఘంలో చాలామందికి అది సమస్య. నాకు మాత్రం దేవుడిచ్చిన వరంలా కనిపించింది.

“బావా, ఇలాగే కొట్టు. ఇంకా ఆలస్యంగా కొట్టినా పరవాలేదు,” అన్నాను.

“ఒసే, నన్ను ఎటకారం సేత్తన్నావా?”

“నిజంగానే.”

“మరయితే పడుకుని కొడతాను,” అన్నాడు. తర్వాత్తర్వాత ఒక విదేశీ వెబ్‌సైటులో అతని వాయింపు గురించి ‘కాలాన్ని నిరాకరించే తాత్విక నిదానం’ అని రాశారు. అది నిద్రలేమి అని మేమెవరికీ చెప్పలేదు.

బేస్ గిటారు వాయించేవాడు స్టీలు సామాన్ల షాపులో దొరికాడు. అక్క గంగాళం కొనాలంటే విజయనగరం వెళ్ళాం. షాపు యజమాని ఏ గిన్నె తీసినా వేలి కణుపుతో ఒక్కటి కొట్టి, ఆ మోత ఆగేదాకా చెవి పెట్టి విని, అప్పుడు ధర చెప్పేవాడు. అలా వినేవాడిని నేను సంగీతం క్లాసుల్లో కూడా చూడలేదు. మాటల్లో తేలిందేమిటంటే కాలేజీ రోజుల్లో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడట. తండ్రి పోయాక షాపులో కూర్చున్నాడు. గిటారు షాపు పైన గోడౌన్లో ఇత్తడి బిందెల వెనకాల ఉంది.

“తీసి ఎన్నేళ్ళయిందో సెల్లెమ్మా. తీగలున్నాయో ఎలకలు తినీసాయో,” అన్నాడు.

తీగలున్నాయి. ఆ గోడౌనే మా ప్రాక్టీసు గది అయింది. నేనూ బావా ఆయన్ని షావుకారు అనేవాళ్ళం. బావ నోట్లో అది ‘సావుకారు’ అవుతుంది. చావు గురించి పాడే బ్యాండులో ఉన్నవాడికి అంతకంటే తగిన పేరు వెతికినా దొరకదు.

శనివారం కాలేజీ అయ్యాక గిటారు భుజాన వేసుకుని విజయనగరం బస్సెక్కేదాన్ని. కండక్టరు ప్రతిసారీ దాని సంచీ వంక చూసి “లోపల ఏటి, వీణా?” అనేవాడు. రెండేళ్ళు అదే కండక్టరు, అదే ప్రశ్న. ఔననడం మొదలుపెట్టాక ఒక శనివారం “ఒక్క కీర్తన వాయించండమ్మా, అందరూ ఇంటారు” అని నాతవలస దాకా వదల్లేదు.

ఐదు పాటలయ్యాయి. అన్నిటికంటే పొట్టిది తొమ్మిది నిమిషాలు. ‘ఫర్నేసు’ బావ రాశాడు. నాగావళి బురద మీద ఒకటి నేను రాశాను. ‘రన్‌వే’ అనే మూడో పాట భోగాపురంలో విమానాశ్రయం కోసం జీడితోట ఇచ్చేసిన బావ మేనత్త గురించి. ఆవిడ డబ్బు తీసుకుంది, ఇల్లు కట్టుకుంది, ఏ లోటూ లేదు. కానీ జీడిపూత వాసన వచ్చే నెల రాగానే ఏదో పోయినట్టు ఇల్లంతా వెతుకుతుంది. నాలుగోది ‘తుప్పు’. ఐదోది ‘ఏటి సేత్తాం’. అందులో ఆ రెండు మాటలే పన్నెండు నిమిషాలు పాడతాను. ఆల్బమ్‌కి ‘తుప్పు’ అని పేరు పెడదామన్నాను.

షావుకారు మొహం మాడిపోయింది. “సెల్లెమ్మా, తుప్పు పట్టదని గారంటీ కాగితం రాసిచ్చి అమ్ముతన్నానమ్మా సామాన్లు. ఫొటోలో నాను, నా నెత్తి మీద తుప్పు అని రాసుంటే కొన్నవోళ్ళందరూ గిన్నెలు వాపసు తెచ్చీరా?”

చివరికి ఆల్బమ్ బొమ్మ మీద ఆయన వీపు మాత్రమే కనిపించేలా ఫొటో తీశాం. దాన్ని ఒక సమీక్షకుడు ‘లోకానికి వెన్ను చూపిన మనిషి’గా అర్థం చేసుకున్నాడు. నిజానికి కొనుగోలుదార్లకి మొహం చూపించలేని మనిషి.

విజయనగరంలో ఒక మేడ మీద ఉన్న స్టూడియోలో రికార్డు చేశాం. శివరాత్రి పాటలూ, చర్చి పాటలూ, ఎన్నికలొస్తే పార్టీ పాటలూ, రాకపోతే జానపదాల డీజే పాటలూ అన్నీ అక్కడే. ఇంజనీరుకి చెవి మంచిదే, మనసు ఇంకా మంచిది. ఆ మనసే మా కొంప ముంచింది. ‘ఫర్నేసు’ రికార్డు చేసి, మర్నాడు వినడానికి వెళ్తే పాట కోలాటంలా పరిగెడుతోంది.

“ఏమైంది దీనికి?” అన్నాను.

“కంప్యూటరులో ఏటో తేడా వచ్చి బాగా స్లో అయిపోనాది మేడమ్. రాత్రంతా కూకుని సరి సేసీసాను,” అన్నాడు, మెప్పు కోసం చూస్తూ.

కంప్యూటరు తప్పు కాదనీ మేమే అలా వాయించామనీ చెప్పడానికి బావకి మాటలు చాల్లేదు. ఇంజనీరు చాలాసేపు మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. “కావాలనే?” అన్నాడు. “కావాలనే,” అన్నాం. ఆ తర్వాత అతను మా పాటల్లో దేన్నీ ముట్టుకోలేదు. ఏది తప్పో ఏది కావాలనో తెలీనప్పుడు అంతకంటే మంచి పద్ధతి లేదు.

స్టూడియో కింద అంతస్తులో పళ్ళ డాక్టరున్నాడు. రెండో రోజు ఆయనే స్వయంగా మెట్లెక్కి వచ్చాడు. “అమ్మా, కుర్చీలో ఉన్న పేషెంటు పన్ను పీకకముందే లేచి పారిపోయాడు,” అన్నాడు. దాంతో డ్రమ్ములూ బేసూ గోడౌన్లోనే రికార్డు చేయాల్సొచ్చింది. బేస్ మోగినప్పుడల్లా చుట్టూ ఉన్న అండాలూ, గంగాళాలూ, టిఫిన్ క్యారియర్లూ సన్నగా గణగణలాడేవి. గోనెలు కప్పినా ఆగలేదు. ఇంజనీరు “ఇది కూడా కావాలనేనా?” అని అడిగాడు. మాకు ఓపిక అయిపోయింది. “కావాలనే,” అన్నాం.

ఇంకో రోజు మేము వింటుంటే ఒక పార్టీ వాళ్ళు తమ పాట కోసం వచ్చి కూర్చున్నారు. వాళ్ళలో పెద్దాయన కళ్ళు మూసుకుని ‘ఏటి సేత్తాం’ మొత్తం విన్నాడు. అయ్యాక, “ఇది మాకు ఇచ్చీండమ్మా. అవతలోడి ఐదేళ్ళ పాలన మీద ఏసుకుంతాం,” అన్నాడు. మా పాటని సీరియస్‌గా తీసుకున్న మొదటి మనిషి ఆయనే. అయినా ఇవ్వలేదు. అవతలాయన కూడా ఇదే పాట అడగవచ్చు కదా.

ఆల్బమ్ ఇంటర్నెట్లో పెట్టాం. మూడు వారాలు ఏమీ జరగలేదు. షావుకారు రోజూ ఫోన్ చేసి “ఎంతమంది ఇన్నారు?” అనేవాడు. చెప్తే “నానొక్కడినే అన్నిసార్లు ఇన్నానే,” అని దిగులుపడేవాడు.

అప్పుడొచ్చింది ఆ మంచుదేశం సమీక్ష. ప్రిన్సిపాల్ మీటింగులో ఉండగా ఫోన్లో చదివాను. ‘భారతదేశపు మారుమూల ఆలయాల్లోని పవిత్ర కంచు గంటలు’ మా పాటల వెనక మోగుతున్నాయట. అవి టిఫిన్ క్యారియర్లు. ఐదో పాటలో ‘ఒక మృతభాషలోని అంత్యక్రియల మంత్రం’ మళ్ళీ మళ్ళీ వినిపిస్తుందట. అది ‘ఏటి సేత్తాం’. గాయకుడి గొంతు నూతిలోంచి వస్తున్నట్టు ఉందనీ, అతను ఎన్నో మరణాలు చూసినవాడై ఉంటాడనీ రాశాడు. ఆ గొంతు నాది. నేను చూసినవి ఎక్కువగా ఫస్టియర్ జవాబు పత్రాలు. అన్నిటికంటే గొప్పగా మూడో పాటని మెచ్చుకున్నాడు. అందులో గిటారు ‘ఏ స్వరానికీ చెందని ఒక సూక్ష్మమైన జారుడు’తో నడుస్తుందట, అది ప్రాచీన భారతీయ సంగీత రహస్యమై ఉంటుందట. చదివి మురిసిపోయాను. ఆ రహస్యమేమిటో నాకూ తెలీదు. కానీ నా దగ్గర ఉందని అంత దూరంనుంచి ఒకరు చెప్తుంటే కాదనడం మర్యాద కాదు.

బావకి తెలుగులో చెప్పాను. గాయకుడి ముక్క రాగానే సిగ్గుపడ్డాడు. “నన్నే అన్నాడు,” అన్నాడు.

“నువ్వు పాడలేదు బావా.”

“అయితేటి? ఆడు మొగోడన్నాడు గదా. సావుకారు మొహం సూపించలేదు. మిగిలినోడిని నాను.”

తర్వాత హైదరాబాదు నుంచి ఒకాయన రాశాడు. ఈయనకి భాష వచ్చు. అందుకని ఇంకా కష్టం. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన బ్యాండు అన్నారు గానీ మట్టివాసన లేదన్నాడు. డప్పు ఏదీ, తప్పెటగుళ్ళు ఏవీ అన్నాడు. పల్లె ఆత్మ కనిపించలేదన్నాడు. బావ ఎనిమిది గంటలు ఫర్నేసు ముందు నిలబడి ఇంటికొచ్చాక ఒంటినుంచి వచ్చే వాసన మాత్రమే మా దగ్గరుంది. అది ఆయన లెక్కలోకి రాదు. జిల్లా ఎడిషన్‌లో మాత్రం మా గురించి చాలా మంచిగా రాశారు. విలేకరి ఫోన్లో అరగంట మాట్లాడాడు, అన్నీ రాసుకున్నాడు. మర్నాడు ‘భక్తిగీతాల ఆల్బమ్ ఆవిష్కరణ’ అని వచ్చింది. కింద ఫొటోలో ఉన్న ముగ్గురినీ నేను ఇప్పటిదాకా కలవలేదు. దాన్ని కత్తిరించి మా కాలేజీ నోటీసు బోర్డులో పెట్టారు. ప్రిన్సిపాల్ పిలిచి అభినందించి, “మన వార్షికోత్సవంలో ప్రార్థనాగీతం మీదే మేడమ్,” అన్నాడు. విద్యార్థుల్లో ఎవరో అసలు పాట వెతికి విన్నాక ఆ ప్రస్తావన మళ్ళీ రాలేదు. ఒక తండ్రి మాత్రం వచ్చి, “మా అమ్మాయి మీ పాట విన్నాక సరిగ్గా అన్నం తినడం లేదు,” అని ఫిర్యాదు చేశాడు. హాస్టలు భోజనం గురించి ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

నాన్నకి ఎప్పుడు వినిపించాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. ఒక సాయంత్రం ఆయన చేతిలో ఫోన్ పెట్టి ‘ఫర్నేసు’ మొదలుపెట్టాను. చెవి దగ్గర పెట్టుకున్నాడు. రెండు నిమిషాలు. ఫోన్ తిప్పి వెనక వైపు చూశాడు. ఇంకో నిమిషం.

“ఎప్పుడు మొదలవుతాది?” అన్నాడు.

“అవుతోంది నాన్నా.”

“ఏటీ నేదు ఇందులో,” అని ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. “ఏటో గాలి ఊదినట్టున్నాది. దీనికా రెండేళ్ళు బస్సుల్లో తిరిగినావు?”

నాకు ఒళ్ళు మండిపోయింది. నీకు నచ్చకపోతే నచ్చలేదను, ఏమీ లేదని అనకు అన్నాను. ఆయన కూరగాయల సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ నెలంతా మా ఇంట్లో మాటలు ఉప్పూ పప్పూ దాకానే.

అదే రోజుల్లో చర్చివాళ్ళు ఆయనకి శాలువా కప్పారు. మన దగ్గర శాలువా కప్పారంటే దాని అర్థం అందరికీ తెలిసిందే. పాస్టరుగారు ఆయన సేవని ఎంత పొగిడారంటే, ఆ పొగడ్త అయ్యేసరికి క్వయర్ మాస్టరు మారిపోయాడు. కొన్నాళ్ళుగా పాట తప్పుతోందనీ, ఆడవాళ్ళ పైస్థాయి ఒకవైపు వెళ్తే ఈయన చెయ్యి ఇంకోవైపు వెళ్తోందనీ అందరూ అనుకునేది నేనూ విన్నాను. ముసలితనం అనుకున్నాను. నాన్న శాలువా మడత పెట్టి బీరువాలో పెట్టాడు. తర్వాతి ఆదివారం నుంచి వెనక బెంచీలో కూర్చున్నాడు. పాడలేదు.

ఇంతలో బావ మాకు కచేరీ కుదిర్చాడు. గరివిడిలో కార్మికుల కాలనీ హాల్లో వార్షికోత్సవం. “మా మరదలు బేండు” అని చెప్పుకున్నాడట. వాళ్ళు బ్యాండంటే డ్యాన్సుకి పనికొచ్చేదనుకున్నారు. బావ ఆ అపోహ తీర్చలేదు, ఎందుకు తీర్చాలి. నాన్న కూడా వచ్చాడు, అక్క చూడమందని. వచ్చేసరికి అన్ని కుర్చీలూ నిండిపోయి, ముందు వరసలో బేస్ బాక్సుని ఆనుకుని ఉన్న కుర్చీ ఒక్కటే మిగిలింది. ఎవరూ కూర్చోని కుర్చీ అది. ఆయన కూర్చున్నాడు.

సాయంత్రం ఏడింటికి మొదలుపెట్టాం. నాలుగు నిమిషాల దాకా జనం ఓపిగ్గానే ఉన్నారు, అసలు పాట ఇంకా రాలేదనుకుని. కుర్రాళ్ళు ముందుకొచ్చి డ్యాన్సుకి నిలబడి, ఒక కాలు ఎత్తి, దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలీక ఆ కాలు మెల్లగా దించుకున్నారు. రెండో పాట మధ్యలో మైకులో ఎవరో “భోజనాలు రెడీ అయినాయి” అని ప్రకటించారు. నా వాయిద్యజీవితంలో ఏ సమీక్షా హాలుని అంత వేగంగా ఖాళీ చేయలేదు. మూడో పాటకి పదిమందో పన్నెండుమందో మిగిలారు. వాళ్ళలో కొందరు కుర్చీలు తీసుకుపోవడానికి వచ్చిన టెంట్ హౌస్ వాళ్ళు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెడుతున్న చప్పుడు మా పాటలో చక్కగా కలిసింది.

నాన్న లేవలేదు. కుర్చీని ఇంకొంచెం జరుపుకున్నాడు. రెండు అరచేతులూ బాక్సు మీద పెట్టి తల వంచుకుని కూర్చున్నాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. పాట ఆపుదామా అని బావ వంక చూశాను. బావ కళ్ళు మూసుకుని ఉన్నాడు, తాత్విక నిదానం. ఐదో పాట అయ్యేదాకా ఎలా వాయించానో నాకే తెలీదు.

గిటారు దించి పరిగెత్తాను. “నాన్నా, ఏమైంది?”

ఆయన తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కానీ గొంతు పాత క్వయర్ మాస్టరుదే.

“మూడో పాటలో నీ లావు తీగ దిగిపోనాది. సగం నుంచి ఆఖరి దాకా దిగే ఉన్నాది. నువ్వు సూసుకోలేదు.”

నేను బిత్తరపోయాను. “నీకు వినిపించిందా?”

“ఇనిపించకపోతే ఎలగ సెప్తాను?” అన్నాడు. చేతులు బాక్సు మీంచి తీయకుండానే, మెల్లగా అన్నాడు: “మన చర్చిలో సన్నగొంతులోళ్ళు పాడతన్నారో ఆవలిస్తన్నారో నాకు తెలీటం నేదమ్మా. రెండేళ్ళయింది. ఆళ్ళ నోళ్ళు సూసి సెయ్యి ఊపేవోడిని. నువ్వు ఫోన్లో ఎట్టిన పాట కూడా ఇనపడలేదు. ఇది ఇనపడింది. సేతుల్లోంచి వచ్చింది, కుర్సీలోంచి వచ్చింది. పాటొకటి మొదలు నుంచి ఆఖరిదాకా ఇని ఎన్నాళ్ళయిందో.”

నేను ఫిజిక్స్ లెక్చరర్ని. వయసు పెరిగితే మొదట సన్నని ధ్వనులు చెవికి అందకుండా పోతాయని ప్రతి ఏడూ పాఠం చెప్తాను. చిన్న స్పీకరులో లావు ధ్వనులు పలకవని కూడా చెప్తాను, దానికి మంచి మార్కులు కూడా వేస్తాను. ఫోన్ పలకలేనిది మా పాట, నాన్న వినలేనిది ఫోన్ పలికేది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూడడానికి నాకు తీరిక దొరకలేదు. మంచుదేశంవాడు రాసినది ఎన్నిసార్లు చదువుకోవాలి మరి. ఆ నెలంతా నేను మాట్లాడకుండా ఉన్నది ఒక చెవిటివాడితో. ఆయనకి అదీ సరిగ్గా వినబడి ఉండదు. టెంట్ హౌస్ వాళ్ళు మాకోసం రెండు కుర్చీలు వదిలేసి మిగతావన్నీ పట్టుకుపోయారు. నాన్న పక్కన కూర్చున్నాను. “భోజనం చేద్దాం నాన్నా, అయిపోతుంది,” అన్నాను.

మర్నాడు ఆల్బమ్‌లో మూడో పాట పెట్టి ట్యూనర్‌తో చూశాను. కచేరీలో నాన్న చెప్పినట్టే అందులోనూ సగం నుంచి తీగ దిగిపోయి ఉంది. ఆ పాటలో దాన్ని లాగి లాగి వాయిస్తాను. చిన్నప్పుడు నాన్న తెచ్చిన గిటారే అది, అరిగిన బిరడా జారుతుంది. ప్రాచీన భారతీయ సంగీత రహస్యమంటే అది. ఇంజనీరుకి ఫోన్ చేసి, నీకు తెలీలేదా అని అడిగాను.

“తెలిసింది మేడమ్. కావాలనే అనుకున్నాను.”

ముందు నాన్నని చెవి డాక్టరుకి చూపించాం. మెషీను పెట్టారు. ఇంటికొస్తూ ఆటోలో చెవులు మూసుకున్నాడు. కుక్కరు విజిలుకి ఉలిక్కిపడ్డాడు. నా వైపు తిరిగి, “నువ్వు ఎప్పుడూ ఇంత గట్టిగా అరుస్తావేటి?” అన్నాడు. రెండేళ్ళుగా ఆయనకోసమే గొంతు పెంచానని నాకూ అప్పుడే తెలిసింది. చర్చిలో మళ్ళీ పాడుతున్నాడు, మాస్టరుగా కాదు, మగవాళ్ళ వరసలో చివర. కొత్త మాస్టరు తప్పు చేసినప్పుడల్లా దగ్గుతాడు. కొత్త మాస్టరుకి ఆ దగ్గంటే హడలు.

తర్వాత గిటారుకి కొత్త బిరడా వేయించి, ‘రన్‌వే’ మళ్ళీ రికార్డు చేశాం. నాన్న కూడా గోడౌనుకి వచ్చాడు. మెషీను తీసి చొక్కా జేబులో పెట్టుకుని, బాక్సు పక్కన బోర్లించిన అండా మీద కూర్చుని, రెండు చేతులూ బాక్సు మీద ఆనించాడు. మూడుసార్లు ఆపించాడు. ఒకసారి నన్ను, ఒకసారి షావుకారుని, ఒకసారి బావని.

“అల్లుడుగారూ, తొందరపడతన్నారు.”

బావని ఆ మాట అన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. అతను ఇంటికెళ్ళి అక్కకి గొప్పగా చెప్పుకున్నాడట.

కొత్త ‘రన్‌వే’ ఇంటర్నెట్లో పెట్టాం. మంచుదేశం సమీక్షకుడు వారంలోపలే స్పందించాడు. చాలా బాధపడ్డాడు. మొదటి రికార్డింగులోని ఆ అపురూపమైన జారుడు పోయిందనీ, నగర నాగరికతకి లొంగిపోయి మా మూలాల్ని మేమే తుడిచేసుకున్నామనీ, కొన్ని రహస్యాలు ఒకసారి పోతే మళ్ళీ రావనీ రాశాడు. గోడౌన్లో కూర్చుని నాన్నకి మొత్తం తెలుగులో చదివి వినిపించాను. ఆయన మెషీను సరిచేసుకుంటూ శ్రద్ధగా విన్నాడు.

“ఆయనకెంత వయసుంటాది?” అన్నాడు.

“తెలీదు నాన్నా.”

“పాపం, సెవి సూపించుకోమని రాయి,” అని మెషీను తీసి జేబులో వేసుకున్నాడు. “మొదలెట్టండి, బేగా. ఆరింటికి నాకు బస్సున్నాది.”